ట్రూజెట్ ఎందుకు నిలవలేదు: కడప సెక్టర్ వైపు నుంచి చూస్తే

2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపి, చిన్న ఊళ్ళకు తక్కువ ధరకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద మొదటి విమానాలను పంపారు. టీవీలో అందరూ చూసింది సిమ్లా–ఢిల్లీ విమానాన్నే. అదే రోజు, అదే వేదిక నుంచి ఇంకో రెండు సెక్టర్లు కూడా మొదలయ్యాయి: కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్. ఆ రెండూ నడిపింది మన హైదరాబాద్ కంపెనీ టర్బో మేఘా ఎయిర్‌వేస్, అందరికీ తెలిసిన పేరు ట్రూజెట్. ఆ రోజు నుంచి ఐదేళ్ళు నిండకుండానే, 2022 ఫిబ్రవరిలో ఆ కంపెనీ విమానాలు ఆగిపోయాయి. తాత్కాలికం అన్నారు గానీ, మళ్ళీ లేవలేదు.

నేను ప్రాంతీయ విమానయానంలో రూట్ ప్లానింగ్ చేసినవాణ్ణి. ఏ ఊరికి ఏ టైముకి ఏ విమానం వెళ్ళాలి, దానికి ఎంత ఖర్చు, ఎంత రాబడి అని లెక్క వేసే పని. ట్రూజెట్‌లో పని చేయలేదు. కాబట్టి ఇక్కడ రాసేదంతా బయటికి కనిపించిన టైమ్‌టేబుళ్ళు, పథకం నియమాలు, పోటీ, వాటికి తోడు ఇలాంటి చిన్న కంపెనీల్లో నేను కళ్ళారా చూసిన పని, వీటి నుంచి వచ్చిన అంచనా. దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఒక్కటే. "ఆ ఊళ్ళలో విమానం ఎక్కేవాళ్ళు ఎవరున్నారు, అందుకే మూతపడింది" అనే మాట నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధ వేసింది, ఎందుకంటే అది నిజం కాదు. ట్రూజెట్ ఆగిన మరుసటి నెలే, 2022 మార్చి 27 నుంచి, కడపకు ఇండిగో వచ్చింది, అదీ హైదరాబాద్‌తో పాటు చెన్నై, విజయవాడ, బెంగళూరు, విశాఖలకు కలుపుతూ. రాష్ట్ర ప్రభుత్వం తోడ్పాటు దానికి ఉంది, నిజమే. కానీ ఎక్కే జనం లేని ఊరికి అంత పెద్ద కంపెనీ ఐదు వైపుల నుంచి విమానాలు వేయదు కదా.

మరి జనం ఉండి కూడా ఎందుకు ఆగింది? నాకు అర్థమైనంతలో, తన దగ్గరున్న కొన్ని విమానాలను రోజంతా గాల్లో ఉంచగలిగే పరిస్థితి ఆ కంపెనీకి ఎక్కువకాలం దక్కలేదు. సబ్సిడీ సీటుకు వస్తుంది, విమానం నేల మీద నిలబడ్డ గంటకు రాదు.

ముందు కడప సంగతి. అక్కడి పాత విమానాశ్రయాన్ని కొత్తగా కట్టి 2015 జూన్‌లో తెరిచారు. మొదట వచ్చింది ట్రూజెట్ కాదు, బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ అనే చిన్న కంపెనీ. అది ఏడాది కొంచెం దాటాక 2016 జూలైలో మూతపడింది. అంటే ఉడాన్ వచ్చే నాటికే కడప వాళ్ళు ఒకసారి ఆశపడి దెబ్బతిన్నారు. మా పనిలో దీన్ని ఎక్సెల్ షీటులో పెట్టడానికి గడి ఉండదు, కానీ దీని ప్రభావం చాలా పెద్దది. ఒకసారి విమానం ఆగిపోయిన ఊళ్ళో పెళ్ళికో ఆపరేషన్‌కో ముందుగా టికెట్ కొనమంటే ఎవరూ కొనరు. చివరి రెండు రోజుల్లో, విమానం నిజంగా వస్తోందని రూఢి చేసుకున్నాకే కొంటారు, అప్పటికి తక్కువ రేటు సీట్లు అయిపోయి ఉంటాయి, దాంతో "విమానం అంటే ఇంతే, డబ్బున్నవాళ్ళకే" అనుకుని బస్సు ఎక్కేస్తారు.

ట్రూజెట్ మొదలైంది 2015 జూలై 12న, హైదరాబాద్ నుంచి తిరుపతికి. వెనుక మేఘా ఇంజినీరింగ్ గ్రూపు ఉంది, నడిపించింది వంకాయలపాటి ఉమేష్, ప్రచారానికి రామ్‌చరణ్. విమానం ఏటీఆర్ 72, రెండు ప్రొపెల్లర్లు, 70 చిల్లర సీట్లు. ఈ ఎంపిక సరైనదే. హైదరాబాద్–కడప ఆకాశంలో 300 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఇంత దగ్గరికి జెట్ వేస్తే అది పైకి ఎక్కి సర్దుకునేలోపే దిగాలి, ఇంధనం అంతా ఎక్కడానికే పోతుంది. ఏటీఆర్ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయినా అంత దూరంలో జెట్‌తో తేడా పది పదిహేను నిమిషాలే, ఇంధనం మాత్రం చాలా తక్కువ తాగుతుంది. పైగా 40,000 కిలోల లోపు బరువున్న విమానాలు వాడే ఇంధనం (ఏటీఎఫ్) మీద అమ్మకపు పన్నుకు కేంద్ర చట్టంలోనే పరిమితి ఉంది, 80 సీట్ల లోపు విమానాలకు ఎయిర్‌పోర్ట్ అథారిటీ విమానాశ్రయాల్లో ల్యాండింగ్ ఛార్జీ లేదు. ఇవి చిన్న విషయాలు కావు. మన దేశంలో ఎయిర్‌లైన్ ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది ఇంధనమే.

తర్వాత ఉడాన్ వచ్చింది. 2017 మార్చి చివర్లో మొదటి విడతలో 128 రూట్లు ఐదు కంపెనీలకు ఇచ్చారు, అందులో ట్రూజెట్ ఒకటి. అప్పటి పద్ధతి ఇది. విమానంలో సగం సీట్లు, 40కి మించకుండా, పథకం ధరకు అమ్మాలి. సుమారు గంట ప్రయాణానికి, అంటే 500 కిలోమీటర్ల దూరానికి గరిష్ఠంగా 2,500 రూపాయలు, దూరం తగ్గితే ధర ఇంకా తగ్గుతుంది. మిగతా సగం మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చు. ఆ తక్కువ ధర వల్ల పడే లోటును వీజీఎఫ్ పేరుతో భర్తీ చేస్తారు, అందులో 80 శాతం కేంద్రం నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి. కేంద్రం ఆ నిధిని పెద్ద రూట్లలో ఎగిరే విమానాల మీద లెవీ వేసి సేకరిస్తుంది. అంటే ఢిల్లీ–ముంబై ప్రయాణికుడి టికెట్టులో కొన్ని రూపాయలు కడప ప్రయాణికుడి సీటుకు చేరతాయన్నమాట. నాకు ఈ ఆలోచన అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. ఈ సాయం మూడేళ్ళు, ఆ మూడేళ్ళూ ఆ రూటు మీద ఆ కంపెనీకే హక్కు.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. మూడేళ్ళ తర్వాత ఆ రూటు తన కాళ్ళ మీద తాను నిలబడాలంటే ఈ మూడేళ్ళలో ఏం జరిగి ఉండాలి?

కడప నుంచి హైదరాబాద్ పోవాలంటే విమానానికి పోటీ ఇంకో విమానం కాదు. రాత్రి భోంచేసి ఎక్కితే తెల్లారేసరికి దింపే స్లీపర్ బస్సు, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్. ఇవి పగలు ఒక్క గంట కూడా తినవు. నిద్రపోయే టైములోనే ప్రయాణం అయిపోతుంది, లాడ్జి ఖర్చు మిగులుతుంది, సామాను ఎంతైనా పట్టుకుపోవచ్చు. దీని ముందు మధ్యాహ్నం 1 గంటకు ఉన్న విమానం ఎంత వేగంగా పోయినా లాభం లేదు.

ఈ విషయం నాకు తెలిసొచ్చింది ఇంకో ఊళ్ళో. అప్పట్లో నేను పని చేసిన సంస్థ ఒక చిన్న పట్టణానికి విమానం వేసింది, మధ్యాహ్నం వచ్చి మధ్యాహ్నమే పోయేది. లోడు, అంటే నిండే సీట్లు, పెరగడం లేదని అక్కడి వ్యాపారులను కలవడానికి వెళ్ళాం. ఒక జిన్నింగ్ మిల్లు పెద్దాయన మా మాటలన్నీ ఓపిగ్గా విని, "చూడు నాయనా, పొద్దున్నే పోయి రాత్రికి ఇంటికొచ్చేట్టు పెట్టండి, నెలకు నాలుగుసార్లు నేనే ఎక్కుతాను, రేటు కూడా అడగను. మధ్యాహ్నం దిగితే బ్యాంకు పని అయ్యేది లేదు, ఆఫీసరు దొరికేది లేదు, రెండు రాత్రులు లాడ్జిలో పండుకోవాల. దానికన్నా బస్సు మేలు" అన్నాడు. మా రెవెన్యూ టీం ఆరు నెలలుగా టికెట్ రేటు 200 తగ్గిద్దామా 300 తగ్గిద్దామా అని చర్చించుకుంటోంది. ఆయన అడిగింది రేటు కాదు, టైము.

మరి పొద్దున, సాయంత్రం ఎందుకు పెట్టలేకపోయాం? పెట్టాలంటే విమానం రాత్రి ఆ ఊళ్ళోనే పడుకోవాలి. అంటే అక్కడ ఇంజినీరు ఉండాలి, పైలట్లకు, క్యాబిన్ సిబ్బందికి బస ఉండాలి, రాత్రంతా సెక్యూరిటీ ఉండాలి. లేదంటే బేస్ నుంచి, అంటే విమానాలు, సిబ్బంది ఉండే మా ప్రధాన ఊరి నుంచి, ఒకే రోజు రెండుసార్లు రావాలి, అప్పుడు ఇంకో ఊరికి ఒక ట్రిప్పు పోతుంది. రాత్రి దిగే వసతి లేని విమానాశ్రయమైతే సాయంత్రం విమానం చీకటి పడకముందే వచ్చి వెళ్ళిపోవాలి. పరికరాల సాయంతో దిగే ఏర్పాటు లేనిచోట చూపు 5 కిలోమీటర్లు ఆనాలి, చలికాలం ఉదయాన మంచు పడితే అదీ ఉండదు. వాచ్ అవర్స్ అని ఒకటి, అంటే ఆ విమానాశ్రయంలో ఏటీసీ (విమానాలకు దారి చెప్పే టవర్) ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు పని చేస్తుందన్నది. హైదరాబాద్‌లో పొద్దున అరగంట ఆలస్యం అయితే అది మూడో ఊరికి వచ్చేసరికి గంటన్నర అవుతుంది, ఐదో ఊళ్ళో వాచ్ అవర్స్ అయిపోతాయి, ఆ ట్రిప్పు రద్దు. రద్దయిన విమానానికి వీజీఎఫ్ లేదు, టికెట్ డబ్బులు వెనక్కి ఇవ్వాలి, పైగా ఆ ఊరివాళ్ళు "మళ్ళీ ఎయిర్ పెగాసస్ కథే" అనుకుంటారు.

ఇప్పుడు లెక్క. ఒక ఏటీఆర్‌కు అద్దె, బీమా, సిబ్బంది జీతాలు, ఎగిరినా ఎగరకపోయినా అయ్యే ఖర్చంతా కలిపి రోజుకు 100 రూపాయలు అనుకుందాం, అర్థం కావడానికి వేసిన ఊహ లెక్క మాత్రమే. రోజుకు 8 ట్రిప్పులు తిరిగితే ఒక్కో ట్రిప్పు మీద పడేది 12 రూపాయల 50 పైసలు. 5 ట్రిప్పులే తిరిగితే 20 రూపాయలు. జనం అదే, రేటు అదే, ఇంధనం అదే, కానీ ఒక్కో ట్రిప్పు మీద ఆ భారం 60 శాతం పెరిగింది. పైగా ఈ అద్దె, ఇంజిన్ల కోసం ప్రతి ఎగిరిన గంటకూ లీజు కంపెనీకి కట్టే మెయింటెనెన్స్ రిజర్వ్, విడిభాగాలు, అన్నీ డాలర్లలో. టికెట్ మాత్రం రూపాయల్లో, అందులోనూ సగానికి పథకం కట్టిన గరిష్ఠ ధర.

విడిభాగాల సంగతి కూడా చెప్పాలి. నేను పని చేసిన చోట ఒకసారి ఒక చిన్న స్టేషన్‌లో దిగేటప్పుడు ప్రొపెల్లర్‌కు పక్షి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ పరీక్షించి సంతకం పెట్టే ఇంజినీరు బేస్‌లో ఉన్నాడు, రాత్రంతా కారులో రావాలి. వచ్చాక బ్లేడు మార్చాలన్నాడు, బ్లేడు ఇంకో ఊళ్ళో ఉంది. మూడు రోజులు ఆ విమానం అక్కడే. మా దగ్గర స్పేర్ విమానం లేదు. ఆ మూడు రోజుల్లో ఐదు ఊళ్ళకు విమానాలు రద్దు చేశాం, ఒక ఆడమనిషి ఫోన్ చేసి కీమోథెరపీకి అపాయింట్‌మెంట్ ఉందమ్మా అని ఏడ్చింది, మా కాల్ సెంటర్ అమ్మాయి కూడా ఏడ్చింది. వంద విమానాలున్న కంపెనీకి ఇది ఓ మామూలు మంగళవారం. అరడజను విమానాలున్నవాళ్ళకు ఇది ఆ నెల మొత్తం.

ఈ కారణంతోనే ట్రూజెట్ విస్తరించిన తీరు మీద నాకు అభ్యంతరం. మొదట్లో అంతా హైదరాబాద్ చుట్టూ ఉంది, తిరుపతి, రాజమండ్రి, కడప, నాందేడ్, ఔరంగాబాద్, బళ్ళారి దగ్గరి విద్యానగర్. తర్వాత చెన్నై నుంచి సేలం, మైసూరు. అంతవరకూ ఒకదానికి ఒకటి అందేవి, ఒక విమానం మొరాయిస్తే పక్క విమానాన్ని కాస్త సాగదీసి సర్దుకోవచ్చు. ఆ తర్వాత అహ్మదాబాద్ బేస్: పోరుబందర్, కాండ్లా, జైసల్మేర్, నాసిక్, జల్గావ్. పదికి చేరని విమానాలతో ఒకదానికొకటి అంత దూరంలో రెండు బేసులు. అహ్మదాబాద్‌లో ఒక విమానం ఆగితే హైదరాబాద్ నుంచి పంపాలి, అది ఖాళీగా ఎగురుతూ వెళ్ళాలి, ఇక్కడ దాని ట్రిప్పులు పోతాయి. ఉడాన్‌లో రూట్లు వేలంలో వస్తాయి, ఎక్కడ గెలిస్తే అక్కడికి పోవాలన్న ఒత్తిడి ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. కానీ రూటు గెలవడం వేరు, దాన్ని మోయడం వేరు.

ఈ తప్పు కొత్తది కూడా కాదు. 1981లో కేంద్రం వాయుదూత్ పెట్టింది, చిన్న ఊళ్ళకు విమానాలు నడపడానికే. మన వరంగల్‌కు, కడపకు కూడా ఆ విమానాలు వచ్చేవి. అడిగిన ప్రతి ఊరికీ వేసుకుంటూ పోయి చివరికి మోయలేక, 1990ల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ట్రూజెట్‌ను ఇంకో వైపు నుంచి కూడా నొక్కారు. సబ్సిడీ లేని తిరుపతి, రాజమండ్రి లాంటి రూట్లే చిన్న కంపెనీకి అన్నం పెట్టేవి, వాటి మీద వచ్చే డబ్బుతోనే మిగతావి నెట్టుకురావాలి. 2017 డిసెంబర్‌లో ఇండిగో కూడా ఏటీఆర్‌లు తెచ్చింది, మొదలుపెట్టింది హైదరాబాద్ కేంద్రంగానే. అదే విమానం, అదే రూటు, కానీ వాళ్ళ టికెట్ కొన్నవాడు రాజమండ్రిలో సామాను అప్పగిస్తే ఢిల్లీలో తీసుకోవచ్చు. ఇది తప్పు అనను, వ్యాపారం. కానీ ఆ రోజు నుంచి ట్రూజెట్‌కు మిగిలింది చాలావరకు సబ్సిడీ మీద నడిచే రూట్లే అని నా అంచనా.

సామాను దగ్గరే కాస్త ఆగుతాను, కడప విషయంలో అందరూ వదిలేసేది ఇదే. రాజంపేట, రాయచోటి, రైల్వే కోడూరు వైపు ప్రతి వీధిలో కువైట్‌లో ఉన్నవాళ్ళు ఉంటారు. ఇళ్ళలో డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా, పనిమనుషులుగా వేలమంది. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వస్తారు, చెన్నైలోనో హైదరాబాద్‌లోనో దిగుతారు, అక్కడి నుంచి జీపు మాట్లాడుకుని ఊరికి. మామూలుగా ఏ విమాన కంపెనీకైనా ఇది బంగారంలాంటి ప్రయాణికుల గుంపు, రేటు గురించి కన్నా ఇంటికి త్వరగా చేరడం గురించి ఆలోచించే మనుషులు. కానీ వాళ్ళ దగ్గర కంబళ్ళు, టీవీలు, పిల్లల బొమ్మలు, ఖర్జూరాలు, 30, 40 కిలోల అట్టపెట్టెలు ఉంటాయి. దేశీయ విమానంలో ఉచితం 15 కిలోలు. మిగతా ప్రతి కిలోకూ డబ్బు. గల్ఫ్ కంపెనీతో ఒప్పందం లేని చిన్న కంపెనీ అయితే ఒకే టికెట్ మీద సామాను కడప వరకూ పోదు, దిగినచోట తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ క్యూలో నిలబడి అప్పగించాలి. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి, తెల్లవారుజాము దిగుతాయి, కడప విమానం పగటి పూట. ఆ ఆరేడు గంటల్లో జీపు రాయచోటి చేరిపోతుంది. నా చేతిలో ఉంటే కడపకు మొదటి సంవత్సరం చేసే పని రేటు తగ్గించడం కాదు, చెన్నై వైపు ఉదయం మొదటి ట్రిప్పు వేసి, కువైట్ టికెట్ చూపించినవాళ్ళకు 30 కిలోలు ఉచితం అని రాజంపేటలో ప్రతి ట్రావెల్ ఏజెంటు గోడ మీద రాయించడం. ఏటీఆర్‌లో బరువు పరిమితి వస్తుంది, నిజం, నాలుగు సీట్లు ఖాళీగా ఉంచాల్సి రావచ్చు. ఆ నాలుగు సీట్లు ఎలాగూ ఖాళీగానే పోతాయి కదా.

విద్యానగర్ కథ దీనికి పక్కన పెట్టి చూడండి. పక్కనే జిందాల్ స్టీల్ ప్లాంట్, రన్‌వే కూడా వాళ్ళదే, సోమవారం పొద్దున వచ్చే ఇంజినీరు, శుక్రవారం వెళ్ళే మేనేజరు, ఆపైన హంపి చూడ్డానికి వచ్చేవాళ్ళు. టికెట్ కొనేది కంపెనీలు. ఇలాంటిచోట రూటు నిలబడే అవకాశం మొదటిరోజు నుంచే ఎక్కువ. కడపలో సిమెంటు ఫ్యాక్టరీలున్నా ఒకేచోట అంత పెద్ద కొనుగోలుదారు లేడు, అందుకే అక్కడ జనాన్ని ఒక్కొక్కరుగా సంపాదించుకోవాలి, దానికి టైము, నమ్మకం కావాలి. మూడేళ్ళు సరిపోతాయా అంటే నా అనుభవంలో అతి కష్టం మీద సరిపోతాయి, అదీ విమానం ఒక్కరోజు కూడా తప్పకుండా వస్తే.

ఆ మూడేళ్ళు ఎప్పుడు నిండాయో చూడండి. 2017 ఏప్రిల్‌కు మూడేళ్ళు కలిపితే 2020 ఏప్రిల్. సరిగ్గా లాక్‌డౌన్. మార్చి 25 నుంచి మే 24 వరకు దేశంలోపల మామూలు ప్రయాణికుల విమానమే ఎగరలేదు. డాలర్ అద్దెలు మాత్రం ఆగవు. మే 25 తర్వాత మళ్ళీ మొదలైనా జనం భయపడుతూ ఎక్కేవాళ్ళు. పెద్ద కంపెనీలు అప్పులు తెచ్చుకుని, విమానాలు అమ్మి మళ్ళీ అద్దెకు తీసుకుని గడిపాయి. చిన్న కంపెనీకి అమ్మడానికి ఏముంది, విమానాలే అద్దెవి.

ఇది ఒక్క ట్రూజెట్ కథే అయితే దురదృష్టం అనుకుని వదిలేయొచ్చు. కానీ 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఉడాన్ మీద ఇచ్చిన నివేదిక చదివితే గుండె బరువెక్కుతుంది. మొదటి మూడు విడతల్లో 774 రూట్లు ఇస్తే 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళూ పూర్తిగా నడిచినవి 112. ఆ మూడేళ్ళ తర్వాత కూడా నిలిచినవి, 2023 మార్చి నాటికి, 54. ఈ 54 నడిపినవాళ్ళు ఏం చేశారన్నది మా రంగంలో అందరూ కూర్చుని చదవాల్సిన పాఠం. 2019లో మొదలైన స్టార్ ఎయిర్ అనే చిన్న కంపెనీ 50 సీట్ల ఎంబ్రాయర్ జెట్‌తో బెళగావి, హుబ్బళ్ళి చుట్టూ మొదట గట్టిపడి, తర్వాతే దూరం వెళ్ళింది. 2024లో నాందేడ్–హైదరాబాద్ మళ్ళీ తెరిచింది కూడా వాళ్ళే.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, వరంగల్ మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది, ఊళ్ళో సంబరాలు జరిగాయి. నాకూ చాలా సంతోషం. కానీ నన్ను అడిగినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాను: వరంగల్–హైదరాబాద్ విమానం అడగకండి. 150 కిలోమీటర్ల దారికి ఎవరూ ఎక్కరు, ఎక్కేది మొదటి నెల సరదాకి. బెంగళూరుకు పొద్దున 7 లోపు ఒకటి, అక్కడి నుంచి రాత్రి 8 తర్వాత తిరిగొచ్చేది ఒకటి అడగండి, ఐటీ ఉద్యోగాల పిల్లలు, ఆసుపత్రులకు పోయేవాళ్ళు అందులో ఎక్కుతారు. ఆ విమానం రాత్రి మామునూరులోనే ఆగాలని, రాత్రి దిగే లైట్లు, ఏటీసీ గంటలు మొదటిరోజు నుంచే ఉండాలని అడగండి. టెండరు కాగితంలో ఈ ఒక్క వాక్యం ఉందో లేదో చూడండి, లేకపోతే మీ ఎంపీగారి దగ్గరికి వెళ్ళి కూర్చోండి. టెర్మినల్ అద్దాలు ఎంత ఎత్తున్నాయో తర్వాత చూసుకోవచ్చు.